ముందు పల్లం, వెనక మెరక: పికప్ ట్రక్కును సాపు చేసే అలవాటు

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పికప్ ట్రక్కును ఖాళీగా ఉన్నప్పుడు పక్కనుంచి చూస్తే, వెనక భాగం ముందు భాగం కంటే కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. అమెరికాలో అమ్ముడయ్యే చాలా మోడళ్లలో ఈ తేడా 1 నుంచి 3 అంగుళాల దాకా ఉంటుంది. అక్కడి వాహనరంగంలో దీన్ని ‘రేక్’ అంటారు. ముందు భాగాన్ని ఆ మేరకు లేపి బండిని సాపుగా నిలబెట్టడమే ‘లెవెలింగ్’. కొందరు ముందు భాగం జోలికి పోకుండా వెనక భాగాన్ని దించి అదే ఫలితం రాబడతారు గానీ, వాళ్లు తక్కువ. చూడ్డానికి ఇది సోకు కోసం చేయించే చిన్న పని. అయితే ఆ వాలు పికప్‌తోపాటే పుట్టింది. రాబోయే బరువుకు ముందుగానే వదిలిపెట్టిన జాగా అది.

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ రనబౌట్ కారుకు వెనక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అంతకుముందు రైతులూ చిల్లర వ్యాపారులూ కారు కొనుక్కుని, వెనక భాగం తీసేసి, చెక్క పెట్టె కట్టించుకునేవారు. ఫోర్డ్ ఆ పని తానే చేసిపెట్టడంతోపాటు, తొట్టి కింద ఉండే వెనక కమాన్లను కూడా బరువుకు తగ్గట్టు గట్టివి వేసింది. పికప్ స్వభావమంతా ఈ రెండో మార్పులోనే ఉంది. కారు మోసే బరువు రోజూ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: ఇద్దరో నలుగురో మనుషులు, ఒక పెట్టె. ట్రక్కు సంగతి అలా కాదు. పొద్దున ఖాళీ, మధ్యాహ్నానికి అర టన్ను సిమెంటు, సాయంత్రం మళ్లీ ఖాళీ. కమాన్ కట్టలోని ఉక్కు పట్టీలు బరువు లేనప్పుడు విల్లులా వంగి ఉంటాయి, బరువు పడేకొద్దీ చదునవుతాయి. నిండు తొట్టితో బండి సాపుగా నిలవాలంటే ఖాళీ తొట్టితో వెనక భాగం పైకి లేచి ఉండక తప్పదు.

1948లో ఎఫ్ సిరీస్ ట్రక్కులు వచ్చినప్పుడు ఫోర్డ్ వాటికి ఎఫ్-1, ఎఫ్-2, ఎఫ్-3 అంటూ అంచెలవారీగా పేర్లు పెట్టింది. ఎఫ్-1 అర టన్ను బండి. ఆ లెక్కలు ఈనాటి బండ్ల సత్తాకు సరిపోవు గానీ, ‘హాఫ్ టన్’ అనే మాట మాత్రం ఇప్పటికీ షోరూముల్లో వినిపిస్తూనే ఉంది. పికప్‌ను మొదటినుంచీ మోసే బరువుతోనే కొలిచారనడానికి ఆ మాటే ఆనవాలు.

తొట్టిలో వేసిన బరువు ఒక ఎత్తు, వెనక తగిలించిన ట్రైలర్ ఇంకో ఎత్తు. ట్రైలర్ బరువులో సాధారణంగా 10 నుంచి 15 శాతం లాగే బండి కొక్కెం మీద పడాలంటారు. 3,000 కిలోల ట్రైలర్ అయితే 300 నుంచి 450 కిలోలన్నమాట. ఈ బరువు పడేది వెనక ఇరుసుకు అవతల. ఎద్దుబండిలో గడ్డి వెనక్కి ఎక్కువగా వేస్తే నొగలు లేచిపోయి, కాడి ఎద్దుల మెడమీద నిలవదు. పికప్‌లోనూ జరిగేది అదే. వెనక దిగిపోవడమే కాక, ముందు చక్రాల మీదున్న బరువు కొంత తేలిపోతుంది. స్టీరింగ్ తేలికవుతుంది, బ్రేకు వేసినప్పుడు ముందు టైర్ల పట్టు తగ్గుతుంది. ఫ్యాక్టరీ వదిలిన ఆ ఎత్తు వెనక ఇలా దిగిపోవడానికి కొంతవరకు అడ్డు.

ఇంత పని ఉన్న వాలును తీసేయాలన్న కోరిక ఎప్పుడు మొదలైందో ఒక ఏడాది చూపించలేం. అది ఎందుకు సులువైందో మాత్రం ముందు సస్పెన్షన్ చరిత్ర చెబుతుంది. తొలినాటి ట్రక్కులకు ముందు వైపు కూడా ఒకే ఇరుసు, దాని కింద కమాన్ కట్టలు. ఎత్తు మార్చాలంటే కట్టల్నే మార్చాలి. ఖర్చూ శ్రమా రెండూ ఎక్కువే. 1960లో జనరల్ మోటార్స్ తన పికప్‌లకు ముందు చక్రాలు దేనికది కదిలే సస్పెన్షన్ పెట్టి, కమాన్ల బదులు టార్షన్ బార్లు వాడింది. మెలిపడి తిరిగి విప్పుకునే ఉక్కు కడ్డీ టార్షన్ బార్. జనరల్ మోటార్స్ వారి షెవ్రోలేలో ఇది మూడేళ్లే నిలిచి, 1963లో చుట్ట స్ప్రింగులకు చోటిచ్చింది. 1965లో ఫోర్డ్ ‘ట్విన్ ఐ-బీమ్’ పేరుతో రెండు దూలాల పద్ధతి తెచ్చింది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండ్లు మాత్రం చాలాకాలం పాత ఇరుసును వదల్లేదు. 1988 మోడళ్లతో జనరల్ మోటార్స్ తన పెద్ద పికప్‌లలో వాటికీ విడి సస్పెన్షన్ ఇచ్చింది, టార్షన్ బార్‌ను మళ్లీ తెచ్చింది. 1997లో ఫోర్డ్ ఎఫ్-150 ఫోర్ బై ఫోర్ కూడా అదే దారి పట్టింది.

టార్షన్ బార్ చివర ఎత్తు సవరించే బోల్టు ఉంటుంది. రెండు వైపులా ఎత్తు సరిచూడడానికి తయారీదారు పెట్టిన బోల్టు అది. పానా పట్టుకుని దాన్ని నాలుగు చుట్లు బిగిస్తే బండి ముక్కు పైకి లేస్తుంది. కొత్త సామాను అక్కర్లేదు, డబ్బు ఖర్చు లేదు. పికప్‌ను సాపు చేయడం ఇంటి ముంగిట అరగంట పనిగా మారింది ఈ బోల్టుతోనే. తర్వాత ఎఫ్-150కి 2004లో, షెవ్రోలే సిల్వరాడో 1500కి 2007 తరంలో టార్షన్ బార్లు పోయి, షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండే అమరిక వచ్చింది. దానికి బోల్టు లేదు. ఆ లోటు తీర్చడానికి షాక్ పైభాగానికీ ఛాసిస్‌కూ మధ్య ఇరికించే లోహపు దిమ్మలు, అంటే స్పేసర్లు, బజారుకొచ్చాయి. చాలా మోడళ్లలో షాక్, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది చేయికి మధ్యలో బిగించి ఉంటుంది కాబట్టి, అంగుళం మందం స్పేసర్ వేస్తే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాల ఎత్తు వస్తుంది. కొన్న మనిషికి ఇది లాభసాటి బేరంలా తోస్తుంది. కింది చేయి వంపు కూడా ఆ రెండంగుళాలకు తగ్గట్టే పెరుగుతుంది.

పనిముట్టు దొరికేనాటికి అవసరమూ మారింది. ఎఫ్ సిరీస్ 1977 నుంచి అమెరికాలో అత్యధికంగా అమ్ముడయ్యే ట్రక్కు. అమ్మకాలు ఆ స్థాయికి చేరాక కొన్నవాళ్లంతా రైతులూ తాపీ మేస్త్రీలూ కాదు. ఆఫీసుకూ బడికీ తిరిగే ఇంటి బండిగా పికప్ స్థిరపడింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా తిరిగే తొట్టికి ఆ ఎత్తు వృథాగా, పైగా వికారంగా కనిపించడంలో వింత లేదు. దక్షిణ కాలిఫోర్నియా ఎడారి పందేల బండ్ల మీది మోజు ముందు ముక్కు ఎత్తుగా ఉండడాన్ని అందమనిపించింది. అదే కాలంలో ‘మినీ ట్రక్’ కుర్రాళ్లు బండ్లను నేలకు తాకేంత కిందికి దించడం కూడా ఇదే ప్రాంతంలో సాగింది. ఒకే వీధిలో ఒకడు లేపుతుంటే ఇంకొకడు దించుతున్నాడు.

సాపు చేయడం వల్ల నికరంగా దొరికేవి లేకపోలేదు. ముందు చక్రాల గూడులో జాగా పెరిగి పెద్ద టైర్లు పడతాయి. ముందు బంపర్ కింద ఎత్తు పెరగడంతో గుట్ట ఎక్కేటప్పుడు ముక్కు నేలకు తగలదు. మంచు కురిసే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ముందు వైపు మంచు తోసే బరువైన పలక తగిలిస్తారు. అలాంటి బండికి ముందు ఎత్తు పెంచడం వంకపెట్టలేని పని. ముందు భాగం మీద శాశ్వతంగా బరువు పెట్టినవాడికి అది సోకు కాదు, అవసరమే.

నష్టాలు కంటికి కనబడవు. ఏ సస్పెన్షన్‌కైనా చక్రం పైకి వెళ్లే దూరం, కిందికి దిగే దూరం అని రెండు ఉంటాయి. ముక్కును పైకి లేపడమంటే చక్రాన్ని ముందే కొంత కిందికి దించి ఉంచడం. టార్షన్ బార్ బోల్టు బిగించిన బండి గుంటలో పడినప్పుడు, చక్రం దిగడానికి మిగిలిన జాగా చాలక చేయి ఆపుడు రబ్బరుకు కొట్టుకుంటుంది. బిగించడం వల్ల స్ప్రింగు గట్టిపడిందని చాలామంది అనుకుంటారు. కడ్డీ గట్టిదనం మారదు. ప్రయాణం కటువుగా మారేది ఆ తగ్గిన జాగా వల్లే. స్పేసర్ వేసిన బండిలో కథ వేరు: చక్రం పూర్తిగా వేలాడినప్పుడు చేతులు తయారీదారు అనుకున్నదాని కంటే కిందికి వంగుతాయి. పై బాల్ జాయింట్ మీద, ముందు చక్రాలకు శక్తి అందించే సీవీ జాయింట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. సీవీ జాయింట్ రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు బయటికొచ్చి, దుమ్ము లోపలికెళ్లి జాయింటు అరిగిపోతుంది.

చక్రాల కోణాలూ అలాగే ఉండవు. ఎత్తు మారగానే టో, క్యాంబర్, క్యాస్టర్ అనే మూడు కోణాలూ కదులుతాయి. వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే టైర్లు ఒక అంచున త్వరగా అరుగుతాయి. క్యాస్టర్ తగ్గితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం మందగిస్తుంది. లెవెలింగ్ చేయించి అలైన్‌మెంట్ ఎగ్గొట్టడం, ఇల్లు కట్టి పైకప్పు మరిచిపోవడం లాంటిదే.

రోడ్డు మీది ఇతరులకు తగిలే నష్టం హెడ్‌లైట్లది. చక్రాల మధ్య దూరం 145 అంగుళాలున్న ఎఫ్-150 సూపర్‌క్రూ బండిని తీసుకుంటే, ముందు భాగాన్ని 2 అంగుళాలు లేపడం వల్ల మొత్తం బండి 0.8 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. వినడానికి స్వల్పమే. కానీ లో బీమ్‌ను కిందికి వంచి ఉంచేదే డిగ్రీ లోపు. 30 మీటర్ల దూరంలో వెలుగు అంచు దాదాపు 40 సెంటీమీటర్లు పైకి జరిగి, ముందు వెళ్లే కారు అద్దంలోకి సూటిగా పడుతుంది. దీపం వెనకున్న స్క్రూతో సరిచేయడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు కేటాయించేవాళ్లు ఎందరన్నది రాత్రిపూట హైవే మీద తెలిసిపోతుంది.

ఇక తొట్టి నిండిన రోజున ఏమవుతుంది? సాపుగా నిలిచిన బండి వెనక్కి కూలబడుతుంది. దాన్ని ఆపడానికి వెనక ఇరుసు మీద గాలి సంచులో, కమాన్ కట్టలో అదనపు పట్టీయో పెట్టిస్తారు. ముందు పోగొట్టుకున్న జాగాను వెనక మళ్లీ కొనుక్కోవడమన్నమాట. పాత పికప్‌లు కొన్నింటిలో వెనక బ్రేకుల బలాన్ని ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య ఎత్తును బట్టి నిర్ణయించే కవాటం ఉండేది. వెనక ఎత్తు మారిస్తే అది బరువును తప్పుగా అంచనా వేస్తుంది. 2012 మోడళ్లనుంచి అమెరికాలో తేలికపాటి బండ్లన్నిటికీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. దాన్ని ఫ్యాక్టరీ ఎత్తుకే సరిచూసి పెడతారు. వారంటీ విషయంలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం యజమాని పక్షాన కొంత నిలుస్తుంది. బయటి సామాను వేశాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయడం చెల్లదు. ఆ సామాను వల్లే జాయింట్ పాడైందని తేలితే మాత్రం ఖర్చు యజమానిదే.

సాపు దగ్గర ఆగనివాళ్లు కొందరు ముందు భాగాన్ని ఇంకా లేపి, వెనక భాగాన్ని కిందికి దించేశారు. బండి కుక్క కూర్చున్నట్టు కూర్చుంటుంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పాకిన ఈ పోకడకు ‘కరోలినా స్క్వాట్’ అని పేరు పడింది. బానెట్ ఆకాశం వైపు చూస్తుంటే డ్రైవరుకు దగ్గరలో ఉన్న మనిషి కనిపించడు. నార్త్ కరోలినాలో 2021 డిసెంబర్ 1 నుంచి, సస్పెన్షన్ మార్చి ముందు ఫెండర్‌ను వెనక ఫెండర్ కంటే 4 అంగుళాలు లేదా అంతకుమించి ఎత్తు చేయడం చట్టవిరుద్ధం. వర్జీనియా 2022లో, సౌత్ కరోలినా 2023లో అలాంటి చట్టాలే చేశాయి. మామూలు లెవెలింగ్ ఈ హద్దులోపే ఉంటుంది గనుక దానికి చిక్కు రాలేదు.

కంపెనీలు ఈ మోజును ఎంతోకాలం బయటివాళ్లకే వదిలిపెట్టలేదు. షెవ్రోలే 2019లో సిల్వరాడో ట్రైల్ బాస్‌ను 2 అంగుళాల ఎత్తు పెంచి అమ్మింది. టొయోటా 2022 టకోమా ట్రైల్ ఎడిషన్‌కు ముందు 1.1 అంగుళం, వెనక 0.5 అంగుళం ఎత్తు ఇచ్చింది. వాలును తగ్గించిందే గానీ పూర్తిగా తీసేయలేదు. రామ్ 1500కి 2013లో వచ్చిన గాలి సస్పెన్షన్ తొట్టిలో బరువు పడగానే వెనక ఎత్తును తానే సరిచేసుకుంటుంది. ఖాళీగానూ నిండుగానూ సాపుగా నిలిచే బండి అలా దొరికింది. అయితే ఖరీదు ఎక్కువ. గాలి లీకైన రోజున కమాన్ కట్ట విలువ తెలుస్తుంది.

భారతదేశంలో పికప్‌ను సొంత బండిగా కొనే అలవాటు ఇటీవలిది. ఇసుజు 2016 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచి డి-మ్యాక్స్ వి-క్రాస్‌ను అక్కడే తయారుచేసింది. ముందు చుట్ట స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలున్న ఆ బండికీ వాలు ఉంది, దాన్ని సాపు చేయించే ముచ్చటా ఉంది. చట్టం మాత్రం ఇక్కడ బిగువు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా పడేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట తేల్చి చెప్పింది. బరువు మోయడానికే పికప్ కొన్నవాళ్లు ఈ తర్జనభర్జన దాకా రారు. వాళ్ల బండి షెడ్డుకు వెళ్లేది వెనక కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయించడానికి.