దివిసీమ ఉప్పెన (1977): హెచ్చరిక, పాలన, పత్రికలు

కృష్ణా నది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోగా నడుమ మిగిలిన లంక నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇందులోవే. బంగాళాఖాతంలో పుట్టిన పెను తుఫాను 1977 నవంబరు 19, శనివారం నాడు ఈ సీమను కొట్టింది. గాలి వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. ప్రాణాలు ఎక్కువగా తీసింది మాత్రం ఆ గాలి కాదు, అది తోసుకొచ్చిన దాదాపు ఐదు మీటర్ల ఎత్తు నీరు. అందుకే తెలుగువాళ్లు దాన్ని తుఫాను అనరు, దివిసీమ ఉప్పెన అనే అంటారు.

ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. 1969లో రెండు తుఫానులు కోస్తాను కొట్టాక నష్ట నివారణపై కమిటీ వేశారు. 1974లో విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. అంటే 1977 నాటికి పాలకులకు చరిత్ర తెలుసు, హెచ్చరించే కార్యాలయమూ ఉంది. దివిసీమ తీరంలోని సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప లాంటి ఊళ్లలో గుడిసె గుడిసెకూ వెళ్లి జనాన్ని కదిలించే ఏర్పాటు, కదిలినవాళ్లు తలదాచుకోవడానికి గట్టి కట్టడం మాత్రం లేవు.

రేడియో హెచ్చరించింది. కానీ చేపల వేట మీద, కూలి మీద బతికే చాలా ఇళ్లలో రేడియో లేదు. హైదరాబాదు దూరదర్శన్ అప్పటికి మొదలై నెల కూడా నిండలేదు, దాని ప్రసారం ఇంత దూరం వచ్చేదీ కాదు. హెచ్చరిక భాషలోనూ లోటుంది. రేవులో ఎగరేసే ప్రమాద సూచిక నంబరు ఓడల కోసం పుట్టినది. పదో నంబరు అని విన్న కూలి మనిషికి సముద్రం తన ఇంటి కప్పు దాకా వస్తుందని ఆ అంకె చెప్పదు. ‘నీళ్లొస్తున్నాయి, ఊరు వదలండి’ అని చెప్పాల్సిన చోట అంకె చెప్పడం పాలనా లోపమే.

ఆ సాయంత్రం తాడిచెట్టు ఎక్కి బోదెను కరుచుకున్నవాళ్లు కొందరు బతికారు. నీళ్లు తీశాక శవాలు తుమ్మ కంపల్లో, పొలాల్లో పశువుల కళేబరాలతో కలిసి కనిపించాయి. ఎవరెవరో పోల్చుకునే వీలులేక సామూహికంగా దహనం చేశారు.

మృతుల లెక్క దగ్గర ప్రభుత్వానికీ, పత్రికలకూ పేచీ వచ్చింది. ఎమర్జెన్సీ సెన్సారు తొలగి అప్పటికి ఏడాది కాలేదు. ఊళ్లకు నడిచి వెళ్లిన విలేకరులు రాసినదానికీ, తొలి అధికారిక అంకెలకూ పొంతన కుదరలేదు. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ప్రభుత్వం తీవ్రతను దాస్తోందన్న ఆరోపణ వచ్చింది. అధికారిక లెక్క చివరికి పదివేల దగ్గర ఆగింది. ఇతర అంచనాలు 14,000 దాటాయి. లెక్క తగ్గితే సాయమూ తగ్గుతుంది. కనుక ఆ రోజుల్లో శవాలను లెక్కపెట్టిన విలేకరి చేసినది కూడా సహాయ కార్యక్రమమే.

పత్రికలు అక్కడితో ఆగలేదు. ‘ఈనాడు’ పాఠకుల నుంచి విరాళాలు పోగుచేసి రామకృష్ణ మిషన్ సాయంతో పాలకాయతిప్పలో ఇళ్లు కట్టించింది. సినీ నటులు ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు విరాళాల కోసం జోలె పట్టి ఊరూరా తిరిగారు. మదర్ థెరీసా వచ్చారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పునర్నిర్మాణానికి పెద్దదిక్కయ్యారు.

తర్వాతి ఏళ్లలో తీరం వెంబడి తుఫాను షెల్టర్లు లేచాయి. ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీర ప్రాంతాలకు నేరుగా హెచ్చరిక పంపే పద్ధతి 1980లలో వచ్చింది. వీటికి పరీక్ష 1990 మే 9న ఎదురైంది. అంతే ఉగ్రమైన తుఫాను కృష్ణా ముఖద్వారం వైపే వచ్చింది. ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. పదమూడేళ్లలో మారింది సముద్రం కాదు, కలెక్టరు నుంచి గ్రామ సేవకుడి దాకా చేయాల్సిన పని ముందే రాసిపెట్టుకోవడం. అయినా 1996 నవంబరులో కోనసీమను కొట్టిన తుఫానులో వెయ్యి మందికి పైగా బలయ్యారు. వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారులూ వారిలో ఉన్నారు. ఒడ్డున మెరుగైన హెచ్చరిక నడిసముద్రంలోని పడవకు అందలేదు.

దివిసీమలో ఆనాడు ఉప్పెన నీళ్లు వచ్చి ఆగిన చోట మృతుల స్మారకస్తూపం నిలబెట్టారు. ఏటా నవంబరు 19న అక్కడ నివాళులర్పిస్తారు.