మార్గేట్ గుల్లల గుహ: అనామక శ్రమకు ఆధారాలు

ఇంగ్లండులోని కెంట్ తీరపట్టణమైన మార్గేట్‌లో, గ్రోటో హిల్ అనే వీధిలో, సుద్దరాతిని తొలిచిన సుమారు 70 అడుగుల భూగర్భమార్గం ఉంది. అందులో దాదాపు 2,000 చదరపు అడుగుల మేర సముద్రపు గుల్లల మొజాయిక్ పరచుకొని ఉంది. గుల్లల సంఖ్య 46 లక్షలని అంచనా. ఇది 1835లో బయటపడిందని ప్రసిద్ధి. ఆ దశాబ్దంలోనే రుసుముపై ప్రజలకు ప్రవేశం కల్పించారు. నిర్మాతల పేర్లుగాని, నిర్మాణకాలాన్ని తెలిపే పత్రాలుగాని లభించలేదు. లిఖితాధారం లేనిచోట నిర్మాణ సామగ్రినే ఆధారంగా చదవవచ్చునని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఈ గుహపై చర్చ ప్రధానంగా 'ఎవరు, ఎప్పుడు' అనే ప్రశ్నల చుట్టూ సాగింది. ప్రాచీన ఆరాధనా స్థలమని కొందరు, మధ్యయుగపు టెంప్లర్ యోధులదని కొందరు, 18 లేదా 19వ శతాబ్ది సంపన్నుని విలాస నిర్మాణమని మరికొందరు భావించారు. 18వ శతాబ్దిలో గుల్లల అలంకరణ ఆంగ్ల కులీనుల అభిరుచి కావడం చివరి వాదానికి కొంత బలాన్నిస్తుంది. ససెక్స్‌లోని గుడ్‌వుడ్ గుల్లల గృహం 1740ల నాటిది. దానిని రిచ్‌మండ్ డచెస్ సారా, ఆమె కుమార్తెలు అలంకరించారని చరిత్రకెక్కింది. కులీన గృహంలోని చేతిపనికి దక్కిన పేరు మార్గేట్‌లోని పనికి దక్కలేదు.

అయితే గుల్లలు కొంత చెబుతాయి. ఆల్చిప్పలు, మస్సెల్, కాకిల్, లింపెట్ గుల్లలు సమీప తీరాల్లో దొరికేవే. ఆకృతుల నడుమ ఖాళీలను నింపినది మాత్రం ఫ్లాట్ వింకిల్ అనే చిన్న నత్తగుల్ల. మొజాయిక్‌లో అత్యధికంగా వాడినది ఇదే. మార్గేట్ పరిసరాల్లో ఇది అరుదు. సౌతాంప్టన్‌కు పడమటి తీరాల్లో విస్తారం. అక్కడినుంచే తెచ్చి ఉంటే, ఇది ఒడ్డున ఏరినవాటితో తోచినట్లు చేసిన అలంకరణ కాదు. దీని వెనుక సేకరణ, రవాణా, వ్యయం, ముందస్తు ప్రణాళిక ఉండి తీరాలి. చూపును ఆకర్షించే పూల ఆకృతులకంటే, ఎవరూ గమనించని నేపథ్యమే శ్రమ వ్యవస్థను గురించి ఎక్కువ తెలుపుతున్నది.

ఈ ఆధారం శాశ్వతం కాదు. సందర్శకులకోసం వెలిగించిన గ్యాసు దీపాల మసి గుల్లల రంగులను కప్పివేసింది. నీటి ఊట మరో ముప్పు. ఇంగ్లండులో అత్యున్నతమైన గ్రేడ్ 1 వారసత్వ గుర్తింపు దీనికి ఉంది. అయినా సంరక్షణలో దేనిని కాపాడుతున్నామన్న స్పష్టత అవసరం. రాలిన వింకిల్ స్థానంలో చేతికందిన మరో గుల్లను పొదిగితే గోడ అందం నిలవవచ్చు. ఆ గోడను నింపిన అనామకుల గురించి మిగిలిన సాక్ష్యం మాత్రం చెరిగిపోతుంది.