మీగడ పాస్తా: చిక్కదనం గంజిలోనే ఉంది

పాస్తా ఇటలీ దేశపు నిత్యాహారం. ఆ భాషలో ఈ మాటకు కలిపిన పిండిముద్ద అని అర్థం. గట్టి గోధుమ రవ్వను నీటితో కలిపి, అచ్చులలో వత్తి, ఆరబెట్టగా వచ్చే గొట్టాలు, గవ్వలు, మరలు, దారాలు అన్నీ ఈ ఒక్క పేరు కిందికే వస్తాయి. సేమియా ఎరిగిన తెలుగువారికి ఇది బొత్తిగా పరాయి పదార్థం కాదు. కోలారు, హోసూరు ప్రాంతాల నుంచి బెంగుళూరుకు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలు ఈ రుచి మరిగి, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అడగడం ఇప్పుడు మామూలైంది. దగ్గరి పట్టణంలోని కిరాణా దుకాణంలో ప్యాకెట్టూ దొరుకుతున్నది.

ఇంట్లో చేసినప్పుడు మాత్రం చాలామందిది ఒకటే ఫిర్యాదు. హోటల్లో మీగడలా నున్నగా జారిన వంటకం ఇంట్లో ముద్దకడుతుంది, లేదా పాలు విరిగినట్లు పలుకులు తేలుతుంది. దానికి విరుగుడుగా డబ్బా క్రీము మరికొంత పోస్తారు. ఖర్చు పెరుగుతుంది, కొవ్వు పెరుగుతుంది, లోపం అలాగే ఉంటుంది. ఆ లోపానికి మూలం పాస్తా ఉడికిన నీటిని తూములోకి పారబోయడంలో ఉన్నది.

గంజి చేసే పని

అన్నం వార్చే ఇళ్లలో గంజి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కన్నడంలోనూ అది గంజే, తమిళంలో కంజి, మరాఠీ, ఒడియాలలో పేజ. ఆంగ్ల నిఘంటువులలోని ‘కాంజీ’ అనే మాట కూడా తమిళ కంజి నుంచి పోర్చుగీసువారి నోట పడి ఐరోపాకు చేరినదే. పాస్తా ఉడికిన నీరు కూడా అటువంటి గంజే. వేడినీటిలో గోధుమలోని పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి; పై పొరలోనివి కొన్ని విడివడి నీటిలో కలుస్తాయి. నూలు చీరకు గంజి పెట్టినప్పుడు బిరుసునిచ్చే పదార్థమే ఇక్కడ సాసుకు చిక్కదనం ఇస్తుంది.

వెన్న, చీజ్‌లలోని కొవ్వు నీటితో కలవదు. బలవంతంగా కలిపినా కాసేపటికి నూనె పైకి తేలుతుంది. చీజ్‌లోని మాంసకృత్తులు వేడికి ఒకదానినొకటి పట్టుకొని సాగే ముద్దలవుతాయి. ఈ రెంటి మధ్య పిండిపదార్థం చేరినప్పుడు కొవ్వు బిందువులు ఒకచోట పోగుపడవు, మాంసకృత్తులు ముద్దకట్టవు. పాలు, వెన్న, చీజ్, గంజి ఒకే నునుపైన ద్రవంగా నిలుస్తాయి. నాలుక దానిని మీగడగా గుర్తిస్తుంది. అందులో మీగడ చుక్క లేకపోయినా సరే!

ఇది వంటింటి ఊహాగానం కాదు. రోమ్ నగరంలో ‘కాచో ఎ పెపె’ అనే వంటకం ఉంది. అందులో పాస్తా, గొర్రెపాల చీజ్, మిరియాలు తప్ప మరేమీ ఉండవు. చేయి తిరిగినవారికి కూడా అది తరచు ముద్దకడుతుంది. కొందరు ఇటలీ భౌతిక శాస్త్రజ్ఞులు ఈ సమస్యను ప్రయోగశాలలో పరీక్షించి 2025లో ప్రచురించారు. చీజ్ బరువులో పిండిపదార్థం 2 నుంచి 3 శాతం ఉంటే సాసు నిలకడగా ఉంటుందనీ, 1 శాతం లోపు ఉంటే వేడికి ముద్దకడుతుందనీ వారు తేల్చారు. నవ్విస్తూనే ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి భౌతికశాస్త్ర విభాగంలో ఆ ఏడాది వారికే దక్కింది.

క్రీము లేని చరిత్ర

క్రీము పాస్తా అనగానే వినిపించే ‘ఆల్ఫ్రెడో’ కథ కూడా ఈ సంగతినే బలపరుస్తుంది. ఆల్ఫ్రెడో డి లేలియో రోమ్‌లో భోజనశాల నడిపిన వ్యక్తి. ప్రసవానంతరం నీరసించిన భార్య కోసం వెన్న, పర్మజాన్ చీజ్ ఎక్కువగా వేసి నాడా వంటి వెడల్పాటి పాస్తాను కలిపి పెట్టాడనీ, అదే తరువాత ప్రసిద్ధమైందనీ చెబుతారు. 1920లో హాలీవుడ్ నటులు మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ పెళ్లయిన కొత్తలో అక్కడ భోంచేసి మెచ్చుకోవడంతో దాని పేరు అమెరికాకు పాకింది. క్రీము కలపడం అమెరికా వంటశాలల్లో అలవాటైంది. రోమ్‌లోని మూల వంటకంలో వెన్న, చీజ్, ఉడికిన నీరు మాత్రమే ఉంటాయి.

పాస్తాను చైనా నుంచి మార్కో పోలో తెచ్చాడన్న మాట పాఠ్యపుస్తకాల పక్కన తిరిగే కట్టుకథ. ఆయన వెనిస్‌కు తిరిగి వచ్చినది 1295లో. సిసిలీ ద్వీపంలో పాస్తా తయారుచేసి ఓడలలో పంపుతున్నారని అరబ్బు భూగోళవేత్త అల్ ఇద్రీసీ 1154లోనే రాశాడు.

ప్యాకెట్టు మీద ఏమి చదవాలి

చిక్కని గంజి, మెత్తబడని పలుకు రెండూ కావాలంటే మొదట గోధుమ సరైనది కావాలి. ఇటలీలో ఆరబెట్టిన పాస్తాను డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతోనే చేయాలని 1967లో చట్టం చేశారు. డ్యూరమ్ మనకు తెలియని గింజ కాదు. ఉత్తర కర్ణాటకలోనూ, మహారాష్ట్రలోనూ ఉప్మాకు వాడే పసుపుపచ్చని బన్సీ రవ్వ డ్యూరమ్ గోధుమదే. బళ్లారి, రాయచూరు వైపు తెలుగు ఇళ్లకు దాని పేరు పరిచయమే.

కాబట్టి ప్యాకెట్టు వెనుక పదార్థాల పట్టికలో ‘డ్యూరమ్ వీట్ సెమోలినా’ అని ఉన్నదో లేదో చూడాలి. మైదా అని ఉంటే అది చవకగా దొరికినా త్వరగా మెత్తబడి, కలిపేటప్పుడు విరిగిపోతుంది. పొడి మసాలా పొట్లంతో వచ్చే ‘ఐదు నిమిషాల’ రకాల సంగతి వేరు. వాటిలో ఉప్పు ఎంతో పట్టికలో సోడియం అంకె చూస్తే తెలుస్తుంది. రక్తపోటు ఉన్న పెద్దవారి పళ్లెంలోకి వెళ్లేముందు అది చూడడం అవసరం.

శాకాహార కుటుంబాలు మరొక విషయం గమనించాలి. అసలైన పర్మజాన్ చీజ్ తయారీలో పాలను తోడుపెట్టడానికి దూడ పొట్టలోని రెనెట్ వాడడం ఇటలీలో తప్పనిసరి నిబంధన. అందుచేత ‘పర్మజాన్ పాలతో చేసినదే కదా’ అని సమాధానపడడానికి లేదు. మైక్రోబియల్ రెనెట్ వాడినట్లు రాసి ఉన్న చీజ్ శాకాహారులకు తగినది. చీజ్‌ను తెలుగులో జున్ను అని అనువదించేవారు ఉన్నారు గాని, ఈనిన ఆవు తొలిపాలతో చేసే మన జున్నుకూ దీనికీ పోలిక లేదు. కొన్ని రకాల పాస్తాలో గుడ్డు కూడా ఉంటుంది కనుక పచ్చచుక్క గుర్తు చూసి కొనడం మేలు.

పనిరోజు సాయంత్రం చేసే విధానం

కావలసినవి (నలుగురికి): గొట్టాలు లేదా మరల ఆకారపు పాస్తా 300 గ్రాములు, నీరు సుమారు రెండు లీటర్లు, ఉప్పు రెండు టీస్పూన్లు, వెన్న 40 గ్రాములు, వెల్లుల్లి ఆరు రేకలు, సన్నగా తరిగిన క్యారెట్, బీన్సు, పచ్చి బఠాణీలు కలిపి రెండు కప్పులు, కాచిన పాలు అర గ్లాసు, తురిమిన ప్రాసెస్డ్ చీజ్ 100 గ్రాములు, దంచిన మిరియాలు తగినన్ని.

ఇటలీ లెక్క ప్రకారం 100 గ్రాముల పాస్తాకు ఒక లీటరు నీరు, 10 గ్రాముల ఉప్పు కావాలి. ఇక్కడ నీరు కావాలనే తగ్గించడమైనది. నీరు తగ్గితే గంజి చిక్కబడుతుంది, గ్యాసు ఆదా అవుతుంది. అయితే మొదటి రెండు నిమిషాలు గరిటెతో కలుపుతూనే ఉండాలి, లేకపోతే గొట్టాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది కనుక నీటిలో ఉప్పూ తగ్గించాలి. అంటుకోకుండా నీటిలో నూనె వేయడం చాలామంది అలవాటు. నూనె నీటి మీద తేలుతుందే గాని లోపలి పాస్తాకు అందదు. వార్చినప్పుడు పైకి పట్టి సాసును అంటనివ్వదు.

నీరు మరుగుతుండగా పాస్తా వేసి, ప్యాకెట్టు మీద చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందు ఒకటి తీసి కొరికి చూడాలి. పంటికి కాస్త గట్టిగా తగలాలి, లోపల సన్నని తెల్లని చుక్క కనిపించాలి. మిగిలిన ఉడుకు సాసులో పూర్తవుతుంది. వార్చే ముందు ఒక పెద్ద గ్లాసు నిండా గంజి పట్టి పక్కన ఉంచాలి. ఈ ఒక్క పని మరచిపోతే తక్కినవన్నీ సరిగా చేసినా ప్రయోజనం ఉండదు. వార్చిన పాస్తా మీద చన్నీళ్లు పోయరాదు, పైనున్న పిండిపదార్థం కడుక్కుపోతుంది.

పాస్తా ఉడికే సమయంలోనే వేరొక బాణలిలో వెన్న కరిగించి, చితక్కొట్టిన వెల్లుల్లిని మాడకుండా వేయించి, కూరగాయలు వేసి మూతపెట్టి మగ్గించాలి. అందులో ముప్పావు గ్లాసు గంజి, పాలు పోసి ఒక పొంగు రానిచ్చి పాస్తా వేయాలి. రెండు నిమిషాలు మంట మీద గట్టిగా కలపాలి. ఈ కలపడంలోనే పాస్తా నుంచి మరికొంత పిండి విడివడి సాసు దగ్గరపడుతుంది. తరువాత పొయ్యి ఆపి, అర నిమిషం ఆగి, చీజ్ తురుమును మూడు దఫాలుగా చల్లుతూ కలపాలి. మంట మీద ఉండగా చీజ్ వేస్తే అది తీగలు సాగి ముద్దకడుతుంది. మరీ గట్టిపడినట్లు తోస్తే మిగిలిన గంజి కొద్దికొద్దిగా పోయాలి. పళ్లెంలోకి వెళ్లేసరికి ఇంకా బిగుసుకుంటుంది కనుక బాణలిలో కాస్త పలుచగా ఉండగానే దించాలి. అంతా కలిపి అరగంట లోపు పని.

వంటశాస్త్రం ఎరిగినవారు ప్రాసెస్డ్ చీజ్‌ను చిన్నచూపు చూస్తారు. అయితే పనిరోజున అదే నమ్మకమైనది. అందులో కలిపే సిట్రేటు, ఫాస్ఫేటు లవణాల వల్ల అది విరగకుండా కరుగుతుంది. పాడి ఉన్న ఇళ్లలో డబ్బా క్రీము కొననవసరమే లేదు. కాచిన గేదెపాల మీగడ రెండు గరిటెలు బాగా చిలికి, చీజ్ తరువాత కలిపితే చాలు. పిల్లల భోజనం కేవలం పిండిపదార్థంగా మిగలకుండా పనీరు ముక్కలో, ఉడికించిన సెనగలో, తినేవారైతే గుడ్డో చేర్చడం మంచిది.

హోటళ్లలో ‘వైట్ సాస్’ పేరుతో వడ్డించేది ఫ్రెంచివారి బెషమెల్ పద్ధతి. ఒక చెంచా వెన్నలో ఒక చెంచా మైదా పచ్చివాసన పోయేవరకు వేయించి ఒక కప్పు పాలు పోసి చిక్కబరుస్తారు. అది తప్పు కాదు. గంజి చేసే పనే అక్కడ మైదా చేస్తున్నది, అంతే. టమోటాతో చేసేవారు మాత్రం జాగ్రత్తపడాలి. పులుపుకు పాలు విరుగుతాయి కనుక టమోటా బాగా మగ్గి, గంజి కలిసిన తరువాత, మంట తగ్గించి చివరన మీగడ చేర్చాలి.

మిగిలినప్పుడు

చద్దన్నం అలవాటున్న ఇళ్లలో మిగిలిన పాస్తాను కూడా మూతపెట్టి పొద్దుటికి ఉంచడం సహజంగా తోచవచ్చు. అది ప్రమాదకరం. ఉడికిన అన్నంలోనూ, పాస్తాలోనూ బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి గది వేడిమిలో పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. బెల్జియంలో 2008లో ఐదు రోజులు బయట ఉంచిన స్పాగెట్టీని వేడిచేసుకు తిన్న ఇరవై ఏళ్ల విద్యార్థి ఆ రాత్రే మరణించాడు. పాలు, చీజ్ కలిసిన వంటకం వేసవిలో ఇంకా త్వరగా చెడుతుంది. వండిన రెండు గంటల లోపు వెడల్పాటి గిన్నెలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజే ముగించాలి. తిరిగి వేడిచేసేటప్పుడు రెండు చెంచాల పాలు చల్లి, సన్నని మంట మీద పొగలు వచ్చేదాకా కలుపుతూ ఉంటే సాసు మళ్లీ విడుతుంది. ఫ్రిజ్ లేని ఇళ్లలోనూ, కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలోనూ ఆ పూటకు సరిపడా కొలిచి వండుకోవాలి. మనిషికి 75 గ్రాములు చాలు.