నిపుణుల సంఘము - ప్రజల మాట

విజ్ఞానవిషయములలో ప్రభుత్వమునకు సలహా చెప్పుట నిపుణుల పని. ఆ సలహా ఫలితమును అనుభవించుట ప్రజల వంతు. ఈ ఇరువురు ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొనుటకు తావెక్కడ? ఈ ప్రశ్న భారతదేశమున మిక్కిలి స్పష్టముగా తలయెత్తినది వంకాయ విషయమున.

వంగతోటకు మొవ్వును, కాయను తొలుచు పురుగు పెద్ద శత్రువు. మట్టిలోని ఒక సూక్ష్మజీవి జన్యువును వంగలో చేర్చినచో, ఆ పురుగునకు విషమైన పదార్థము మొక్కలోనే పుట్టును. ఇట్టి బీటీ వంగను సాగునకు విడువవచ్చునా అని పరిశీలించినది, 1989 నాటి నియమముల ననుసరించి ఏర్పడిన జన్యు ఇంజనీరింగ్ ఆమోద సంఘము. దాని సమావేశములలో సామాన్యునకు ప్రవేశము లేదు. హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును స్థాపించిన పుష్పమిత్ర భార్గవను 2008లో సుప్రీంకోర్టు ఆ సమావేశములకు పంపినది. తలుపు కొంత తెరచుకొన్నది. కాని లోనికి పోయినది మరియొక శాస్త్రజ్ఞుడే.

2009 అక్టోబరు 14న సంఘము విడుదలకు సమ్మతించినది. భార్గవ అంగీకరింపలేదు. అప్పటి పర్యావరణమంత్రి జైరాం రమేశ్ వెంటనే సంతకము చేయక, 2010 జనవరి 13 మొదలు ఫిబ్రవరి 6 వరకు కలకత్తా, భువనేశ్వర్, అహమ్మదాబాదు, నాగపూరు, చండీగఢ్, హైదరాబాదు, బెంగుళూరు నగరములలో సభలు జరిపించెను. రైతులు, వైద్యులు, శాస్త్రజ్ఞులు, వినియోగదారులు సుమారు 8,000 మంది పాల్గొనిరి. ఫిబ్రవరి 9న విడుదల నిలిపివేయబడినది. శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేకపోవుట, ఆంధ్రప్రదేశ్ మొదలగు రాష్ట్రముల అభ్యంతరము, తొందరపడవలసిన అగత్యము లేకపోవుట మంత్రి చూపిన కారణములు.

ఆ సభలలో సాక్ష్యము కంటె కేకలే మిక్కుటమయ్యెనని కొందరు శాస్త్రజ్ఞులు విమర్శించిరి. అందు సత్యము లేకపోలేదు. పురుగు చచ్చునా, చావదా అన్నది చేతులెత్తి తేల్చు విషయము కాదు. కాని విత్తనమునకై రైతు ఎవరిపై ఆధారపడవలెను, నష్టము వచ్చినచో ఎవరు భరింపవలెను, తినువానికి ఏమి తెలియవలెను అను ప్రశ్నలకు ప్రయోగశాల ఒక్కటే సమాధానమీయజాలదు. సభల అసలు లోపము వేరు. సంఘము తన పని ముగించిన పిదపనే అవి జరిగినవి. జరిగినదియు శాసనముచేత గాక ఒక మంత్రి సంకల్పముచేత.

అదే బీటీ వంగకు బంగ్లాదేశ్ 2013 అక్టోబరులో అనుమతి నిచ్చి, 2014 జనవరిలో 20 మంది రైతులకు నారు పంచినది. భారతదేశమున నిషేధము తొలగలేదు. తరువాత జన్యుమార్పిడి ఆవాల వంతు వచ్చినది. 2016లో ఒక నివేదికపై వ్రాతమూలకముగా అభిప్రాయములు కోరబడినవే గాని, నాటి వంటి నగరసభలు జరుగలేదు. 2022 అక్టోబరులో సంఘము ఆవాల విడుదలకు సిఫారసు చేసినది. 2024 జూలై 23న సుప్రీంకోర్టు న్యాయమూర్తు లిరువురు ఆ అనుమతి చెల్లుబాటుపై విభేదించిరి. అయినను, రాష్ట్రములను రైతులను సంప్రదించి జాతీయవిధానము రూపొందింపవలెనని ఏకాభిప్రాయము తెలిపిరి.

సలహా రూపొందుచున్నప్పుడే ప్రజలను వినవలెనను ఏర్పాటు లేనంతవరకు, వారి మాట తీర్పు వెలువడిన పిదప చెప్పుకొను అభ్యంతరముగానే మిగులును.