బటన్ నొక్కినా బుల్లెట్ లేటా? కొత్త కేబుల్ కొనేముందు టీవీలో ఈ సెట్టింగ్ చూడండి..

గేమ్‌లో శత్రువు కనిపించగానే ట్రిగ్గర్ నొక్కారు. మీ గన్ పేలేలోపే మీరు పడిపోయారు. నెట్ స్పీడ్ బాగానే ఉంది, పింగ్ కూడా 30 దాటట్లేదు. మరి తేడా ఎక్కడ కొడుతోంది? చాలామందికి ముందు అనుమానం వచ్చేది కేబుల్ మీదే. ఆన్‌లైన్‌లో 'గేమింగ్ హెచ్‌డీఎంఐ కేబుల్' అని వెతికి, వెయ్యో రెండు వేలో పెట్టి కొనేస్తారు. తెచ్చి పెట్టాక చూస్తే మళ్లీ అదే లేటు. ఎందుకంటే అసలు ఆలస్యం కేబుల్‌లో లేదు. హాల్లో ఉన్న టీవీకి ప్లేస్టేషనో, కంప్యూటరో తగిలించి ఆడేవాళ్లకు ఎక్కువగా అది టీవీ లోపలే ఉంటుంది. దాన్ని తగ్గించుకోవడానికి రూపాయి కూడా ఖర్చు పెట్టక్కర్లేదు.

ఇన్‌పుట్ ల్యాగ్ అంటే ఇదీ..

బటన్ నొక్కిన క్షణం నుంచి దాని ఫలితం స్క్రీన్ మీద కనిపించేదాకా పట్టే సమయాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. కంట్రోలర్ నుంచి సిగ్నల్ వెళ్లాలి, గేమ్ దాన్ని లెక్క వేయాలి, గ్రాఫిక్స్ కార్డ్ బొమ్మ గీయాలి, అది కేబుల్ దాటి టీవీలోకి రావాలి, టీవీ దాన్ని సరిచేసి తెర మీద వెలిగించాలి. ప్రతి దగ్గరా కొంత టైమ్ పోతుంది.

కంటితో చూసి వేలు కదపడానికే మనిషికి 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఇంకో 50 పెరిగితే ఏమైందిలే అనిపించొచ్చు. కానీ ఎదుటివాడి స్క్రీన్‌లో ఆ 50 లేదు కదా! ఇద్దరి చురుకుదనం సమానంగా ఉన్నా వాడే ముందు కాల్చినట్టు అవుతుంది. క్రికెట్ గేమ్‌లోనూ ఇంతే. తెర మీద బంతి కనిపించే చోటు ఒకటి, గేమ్ లెక్కలో అది అప్పటికే చేరిపోయిన చోటు ఇంకొకటి. టైమింగ్ కరెక్ట్‌గా ఉందనుకున్న షాట్‌కి కూడా వికెట్ ఎగిరిపోతుంది.

దీన్ని పింగ్‌తో కలపకూడదు. పింగ్ అనేది మీకూ, సర్వర్‌కీ మధ్య ఆలస్యం. నెట్ ఆఫ్ చేసి ఆఫ్‌లైన్ గేమ్ ఆడినా బటన్ బరువుగా, సాగదీసినట్టు అనిపిస్తోందా? అయితే ఇంటర్నెట్ కంపెనీని తిట్టి లాభం లేదు.

టీవీలోనే అసలు కథ

టీవీని సినిమాలు, సీరియళ్లు, క్రికెట్ చూడటానికే తయారు చేశారు. వచ్చిన బొమ్మను అది వచ్చినట్టు చూపించదు. రంగులు పెంచుతుంది, మసకను తుడుస్తుంది, అంచులకు పదును పెడుతుంది. అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేది 'మోషన్ స్మూతింగ్'. సెకనుకు 24 ఫ్రేమ్‌ల సినిమాను నున్నగా చూపించడానికి టీవీ రెండు ఫ్రేమ్‌ల మధ్య తనే ఒక కొత్త ఫ్రేమ్ తయారు చేస్తుంది. మధ్యలో బొమ్మ గీయాలంటే తర్వాతి బొమ్మ ఏంటో ముందే తెలియాలి. అందుకే వచ్చిన ఫ్రేమ్‌ను చూపించకుండా చేతిలో పట్టుకుని, వెనకాల వచ్చే దాని కోసం ఆగుతుంది. సినిమా చూసేవాళ్లకు ఈ ఆగడం తెలియదు, ఎందుకంటే సౌండ్‌ను కూడా అంతే ఆలస్యం చేసి కలిపేస్తుంది. గేమ్ ఆడేవాడికి మాత్రం వేలికి తెలిసిపోతుంది.

ఈ పనులన్నీ ఆన్‌లో ఉంటే చాలా టీవీల్లో ఒక్క డిస్‌ప్లే ఆలస్యమే 50 నుంచి 100 మిల్లీసెకన్లు ఉంటుంది, కొన్నిట్లో ఇంకా ఎక్కువే. అదే టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఈ మధ్య వచ్చిన మోడళ్లలో 10 నుంచి 20కి పడిపోతుంది. శాంసంగ్‌లో 'గేమ్ మోడ్' అని, ఎల్‌జీలో 'గేమ్ ఆప్టిమైజర్' అని, సోనీలో పిక్చర్ మోడ్‌లలో 'గేమ్' అని ఉంటుంది. బొమ్మ కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఒక్క మాట.. చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి విడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ ఉన్న పోర్ట్‌లో ఆన్ చేసి, గేమ్ ఇంకో పోర్ట్‌లో ఆడితే ఉపయోగం ఉండదు.

కొత్త టీవీల్లో 'ఏఎల్‌ఎల్‌ఎం' అనే ఫీచర్ వస్తోంది. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లాంటివి గేమ్ మొదలవగానే టీవీకి కబురు పంపిస్తాయి, అది తనంతట తనే గేమ్ మోడ్‌లోకి మారిపోతుంది.

బాతుల గేమ్ ఎందుకు పనిచేయదు?

90ల్లో పెరిగినవాళ్లకు టీవీ ముందు ప్లాస్టిక్ గన్ పట్టుకుని బాతుల్ని కాల్చే గేమ్ గుర్తుండే ఉంటుంది. అదే నింటెండో 1984లో తెచ్చిన 'డక్ హంట్'. అదే గన్‌ను ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ ముందు పెడితే ఒక్క బాతు కూడా పడదు. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా మారి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది. గన్ మూతిలో ఉన్న సెన్సార్ సరిగ్గా ఆ క్షణంలో వెలుగు కనపడిందా లేదా అని చూస్తుంది. పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే తెర మీద గీసేసేది కాబట్టి లెక్క కుదిరేది. ఇప్పటి టీవీ ఆ తెల్ల గడిని చూపించేసరికి గన్ చూడటం మానేసి ఉంటుంది. 2001 నాటి 'సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ' పోటీల్లో ఆటగాళ్లు ఇప్పటికీ బరువైన పాత టీవీలు మోసుకొచ్చేది కూడా ఇందుకే.

మరి కేబుల్ సంగతేంటి?

రెండు మీటర్ల కేబుల్‌ను సిగ్నల్ దాటడానికి పట్టేది దాదాపు 10 నానోసెకన్లు. అంటే ఒక మిల్లీసెకనులో లక్షో వంతు. 200 రూపాయల కేబుల్ అయినా, బంగారు పూత పూసిన 2 వేల కేబుల్ అయినా ఇందులో తేడా లేదు. 'లో ల్యాగ్ కేబుల్' అని డబ్బా మీద రాసి ఉంటే నవ్వుకుని పక్కన పెట్టేయొచ్చు.

అయితే కేబుల్, పోర్ట్ ఇంకో రకంగా దెబ్బ కొడతాయి. సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లు దాటించగలవు అన్నదే అక్కడ ప్రశ్న. హెచ్‌డీఎంఐ 1.4లో 4కే బొమ్మ సెకనుకు 30సార్లే వెళ్తుంది. 2.0లో 60, 2.1లో 120. స్క్రీన్ 60 హెర్ట్జ్‌లో ఉంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. 120 అయితే 8.3, 144 అయితే 6.9, 240 అయితే 4.2. పాత కేబుల్ పెట్టి 4కే టీవీని 30 హెర్ట్జ్‌లో నడిపిస్తే ఒక్కో ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లు కూర్చుంటుంది. అప్పుడు కేబుల్ మార్చడం దండగ కాదు. 4కేలో 120 కావాలంటే డబ్బా మీద 'అల్ట్రా హై స్పీడ్' సర్టిఫికేషన్ లేబుల్ ఉన్నది చూసుకుంటే చాలు. ధర చూసి కాదు.

పోర్ట్‌ల దగ్గర కూడా మెలిక ఉంది. టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐ పోర్ట్‌లు ఉన్నా చాలా మోడళ్లలో 120 హెర్ట్జ్ ఇచ్చేవి రెండే. పక్కనే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. ఇక 'హెచ్‌డీఎంఐ 2.1' అన్న పేరు చూసి కొనడం కూడా రిస్కే. ఆ ప్రమాణంలోని పెద్ద ఫీచర్లన్నీ ఐచ్ఛికమే కాబట్టి, 120 హెర్ట్జ్ లేకపోయినా ఆ పేరు పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు 'మీ టీవీ 4కేలో 120 హెర్ట్జ్ తీసుకుంటుందా' అనే అడగాలి.

మానిటర్‌కి డిస్‌ప్లే పోర్టా, హెచ్‌డీఎంఐనా అన్న గొడవ ఎప్పుడూ ఉండేదే. ఒకే రిఫ్రెష్ రేట్‌లో నడిస్తే రెండిటికీ ల్యాగ్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాకపోతే కొన్ని 144 హెర్ట్జ్ మానిటర్లలో హెచ్‌డీఎంఐ పోర్ట్ పాత తరానిది పెడతారు. అలాంటప్పుడు పూర్తి స్పీడ్ డిస్‌ప్లే పోర్ట్‌లోనే వస్తుంది.

కంప్యూటర్ వాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. కొత్త 144 హెర్ట్జ్ మానిటర్ తగిలించినా విండోస్ చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి చేత్తో మార్చాలి. నెలల తరబడి 60లోనే ఆడుతూ 'పెద్ద తేడా ఏం లేదే' అనుకునేవాళ్లు ఉన్నారు. రెండోది, కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డ్‌కి బదులు మదర్‌బోర్డ్ పోర్ట్‌లో గుచ్చడం. అలా చేస్తే అంత డబ్బు పెట్టి కొన్న కార్డ్‌లో తయారైన బొమ్మ చుట్టూ తిరిగి రావాలి, లేదా ఆ కార్డ్ ఖాళీగా కూర్చుంటుంది. వీ-సింక్ ఆన్‌లో ఉన్నా ఫ్రేమ్‌లు క్యూలో ఆగుతాయి. మానిటర్‌లో జీ-సింక్ లేదా ఫ్రీసింక్ ఉంటే అవి వాడటం మేలు.

డబ్బా మీద '1ఎంఎస్'.. నమ్మొచ్చా?

మానిటర్ డబ్బా మీద పెద్దగా రాసే 1 మిల్లీసెకను ఇన్‌పుట్ ల్యాగ్ కాదు. అది రెస్పాన్స్ టైమ్, అంటే ఒక పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారడానికి పట్టే సమయం. అది ఎక్కువైతే కదిలే బొమ్మ వెనక తోకలా మసక కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీలో పిక్సెల్ చాలా వేగంగా మారుతుంది కాబట్టి ఆ మసక దాదాపు ఉండదు. అలాగని ఓఎల్‌ఈడీ టీవీ కొన్నంత మాత్రాన ల్యాగ్ పోదు. సినిమా మోడ్‌లో పెడితే అది కూడా ఆలస్యం చేస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నది ఇక్కడే తేలుతుంది. 60 నుంచి 144 హెర్ట్జ్‌కి మారితే ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి, అదీ మీ కంప్యూటర్ అన్ని ఫ్రేమ్‌లు ఇవ్వగలిగితేనే. టీవీలో గేమ్ మోడ్ నొక్కితే అంతకు కొన్ని రెట్లు ఊరికే కలిసొస్తుంది. కాబట్టి కొత్త మానిటర్ ఆలోచన ఆ తర్వాతే.

మొబైల్ గేమ్‌ను టీవీలో ఆడుతున్నారా?

ఫోన్ స్క్రీన్‌ను వైఫైలో టీవీకి పంపించి బీజీఎంఐ ఆడేవాళ్లకు కష్టమే. ఫోన్ బొమ్మను వీడియోగా కుదించాలి, గాల్లో పంపాలి, టీవీ దాన్ని విప్పాలి. మామూలుగా ఇందులోనే 100 మిల్లీసెకన్లకు పైగా పోతుంది. యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్‌తో వైరు వేస్తే చాలా నయం. కానీ అన్ని ఫోన్లలోనూ ఆ పోర్ట్ నుంచి వీడియో రాదు. ఐఫోన్ 15, శాంసంగ్ గెలాక్సీ ఎస్ సిరీస్ లాంటి వాటిలో వస్తుంది, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి రాదు. పోర్ట్ చూడటానికి ఒకేలా ఉంటుంది కాబట్టి ఫోన్ వివరాల్లో 'డిస్‌ప్లే పోర్ట్' అని ఉందో లేదో చూశాకే అడాప్టర్ కొనాలి.

మీ ల్యాగ్ ఎంతో ఫోన్‌తోనే కొలవండి

ఫోన్ కెమెరాలో సెకనుకు 240 ఫ్రేమ్‌ల స్లోమోషన్ ఉంటే చాలు. కంట్రోలర్ మీద వేలు, వెనక టీవీ స్క్రీన్ రెండూ ఒకే వీడియోలో పడేలా పెట్టి, గన్ పేల్చడమో దూకడమో పదిసార్లు చేయండి. తర్వాత వీడియోను ఒక్కో ఫ్రేమ్‌గా జరుపుతూ, బటన్ కిందికి దిగిన ఫ్రేమ్ నుంచి స్క్రీన్ మీద మార్పు కనిపించిన ఫ్రేమ్ వరకు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ దాదాపు 4.2 మిల్లీసెకన్లు. 35 ఫ్రేమ్‌లు వస్తే 146 మిల్లీసెకన్లు అన్నమాట. ఇందులో గేమ్, కంట్రోలర్ ఆలస్యం కూడా కలిసే ఉంటుంది, అది సున్నా అవ్వదు. ఇప్పుడు గేమ్ మోడ్ ఆన్ చేసి మళ్లీ పదిసార్లు తీయండి. రెండు సగటుల మధ్య తేడానే మీ టీవీ ఇన్నాళ్లూ తినేసిన టైమ్. రెండుసార్లూ ఒకే లెక్క వస్తే అప్పుడు రిఫ్రెష్ రేట్, పోర్ట్, ఆ తర్వాతే కేబుల్ వైపు చూడండి.