లాయర్ల సంఘం మనకెందుకు? మలేషియా బార్ గురించి తెలుసుకోండి

"లాయర్ దగ్గరికి పోతే ఉన్న నాలుగు రింగిట్లూ పోతాయన్నా." ఈ మాట మనవాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అందుకే జీతం ఆపినా, పాస్‌పోర్టు దాచుకున్నా చాలామంది ఊరుకుంటారు, లేదా కంపెనీ వదిలి పారిపోతారు. పారిపోయిన రోజు నుంచి యజమాని తప్పు పక్కకు పోయి, మీ తప్పు ముందుకొస్తుంది. అలా కాకుండా ఉండాలంటే ఇక్కడి లాయర్ల సంఘం గురించి కాస్త తెలిసి ఉండాలి.

ఏమిటీ సంఘం?

కౌలాలంపూర్, పెనాంగ్, జోహోర్ ఉన్న ద్వీపకల్ప మలేషియాలో ప్రాక్టీసు చేసే లాయర్లందరూ మలేషియన్ బార్ సభ్యులే. దాన్ని నడిపేది బార్ కౌన్సిల్. సబా, సరవాక్‌లకు వేరే సంఘాలున్నాయి. తన లాభం, సభ్యుల లాభం చూసుకోకుండా, ఎవరికీ భయపడకుండా న్యాయం పక్షాన నిలబడడం ఈ సంఘం బాధ్యత అని 1976 నాటి న్యాయవాద వృత్తి చట్టంలోనే రాసి ఉంది.

అది కాగితం మీది మాటే కాదు. 2007లో ఒక సీనియర్ లాయరు జడ్జీల నియామకాల గురించి ఫోన్లో మాట్లాడుతున్నట్టున్న వీడియో బయటికొచ్చింది. ఆ సెప్టెంబర్ 26న అప్పటి అధ్యక్షురాలు అంబిగా శ్రీనివాసన్ ముందుండగా దాదాపు 2 వేల మంది లాయర్లు పుత్రజయలో ప్రధాని కార్యాలయం దాకా నడిచారు. తర్వాత విచారణకు రాయల్ కమిషన్ వేశారు. 2009లో జడ్జీల నియామక కమిషన్ చట్టం వచ్చింది.

కూలికొచ్చిన మనకు ఇదెందుకు అంటారా? మీ కేసు చివరికి జడ్జి ముందుకే పోవచ్చు. ఆ జడ్జి ఎవరి ఫోనుకీ లొంగనివాడైతేనే యజమానికీ మీకూ ఒకే న్యాయం.

ఉచిత సహాయం

ప్రభుత్వ న్యాయ సహాయం ప్రధానంగా ఈ దేశ పౌరులకే. బార్ కౌన్సిల్ లీగల్ ఎయిడ్ సెంటర్లు వేరు. లాయర్లు ఒక్కొక్కరు ఏటా ఇచ్చే 100 రింగిట్ల చందా వీటికి ఆధారం. విదేశీ కార్మికులూ వెళ్ళవచ్చు. అయితే మీ ఆదాయం, కేసు చూసి తీసుకుంటారు, అన్నీ తీసుకోరు.

ఇవి గుర్తుంచుకోండి

• జీతం బకాయి ఉంటే లేబర్ ఆఫీసులో మీరే ఫిర్యాదు చేయవచ్చు, లాయర్ ఉండి తీరాలని లేదు.
• అన్యాయంగా పనిలోంచి తీసేస్తే 60 రోజుల్లోపు పారిశ్రామిక సంబంధాల శాఖకు ఫిర్యాదు చేయాలి. గడువు దాటనివ్వకండి.
• మీ పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం 1966 పాస్‌పోర్టు చట్టం కింద నేరం.
• అరెస్టయితే కారణం అడగండి, లాయర్‌తో మాట్లాడాలని చెప్పండి. మామూలుగా 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఇమిగ్రేషన్ చట్టం కింద పట్టుకున్న విదేశీయులకు మాత్రం ఆ గడువు 14 రోజులు.

వెళ్ళేటప్పుడు కాంట్రాక్టు, జీతం చీటీలు, పర్మిట్ కాపీలు తీసుకెళ్ళండి. మా దగ్గరికొచ్చిన ఒక తమ్ముడి దగ్గర ఏ కాగితమూ లేదు. రోజూ పంచ్ కార్డును మాత్రం ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. అతని ఓవర్‌టైమ్ లెక్కకు ఆ ఫోటోలే సాక్ష్యమయ్యాయి.

ఇంకా తీరని కష్టం

కేసు వేయగానే యజమాని పర్మిట్ రద్దు చేయిస్తే, స్పెషల్ పాస్ మీద ఉండాలి. ఆ పాస్‌తో పని చేయకూడదు. కేసు నెలలు సాగితే తిండికెలా? కేసు తేలేదాకా ఇక్కడుండి పని చేసుకునే హక్కు ఇవ్వాలని బార్ అడుగుతూనే ఉంది. కాబట్టి పర్మిట్ చెల్లుబాటులో ఉన్నప్పుడే సలహా తీసుకోండి.

ఊళ్ళో ఉన్న కుటుంబాలకు

ఏజెంటు మోసం చేస్తే మీ జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100. ఏజెంటుకిచ్చిన డబ్బు రసీదులు, ఫోన్ మెసేజీలు పారేయకండి.

అడగడానికి సిగ్గుపడొద్దు. ఆలస్యం చేస్తేనే నష్టం.