పెట్టె మీద వేగం, మీటరులో లెక్క

బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో, చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లోనో విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటరు బిగించుకునే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల నోట వినే ‘ఓవర్‌క్లాకింగ్’ మనం అనుకున్నంత కొత్తదేమీ కాదు.

1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ విడుదల చేసింది. బస్ వేగం 66 మెగాహెర్ట్జ్, గుణకం 4.5, వెరసి 300. గుణకాన్ని కంపెనీ బిగించేసింది. అయినా మదర్‌బోర్డులో బస్‌ను 100కు పెంచితే చాలా చిప్పులు 450 దగ్గర నడిచాయి. చవక సరుకు, అదే నెలలో వచ్చిన ఖరీదైన పెంటియం టూ 450 సరసన నిలిచింది.

అయితే వేగానికి వెల ఉంది. చిప్పు తాగే కరెంటు వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు, వోల్టేజీ పదో వంతు పెంచితే 1.5 × 1.21, అంటే సుమారు 1.8 రెట్లు. అదంతా వేడే. ఆ వేడి బాధకే 2004లో ఇంటెల్ టేజస్ చిప్పును మానుకుని, రెండు కోర్ల దారి పట్టింది.

మన ఇంట్లోనూ కొలవచ్చు. మీటరు మీద యూనిట్‌కు 3200 మెరుపులని ఉందనుకుందాం. మిగతావన్నీ ఆపి చూస్తే నిమిషానికి 16 మెరుపులొస్తే 300 వాట్లు. మానిటరు కూడా అందులోనే. వేగం పెంచకముందొకసారి, పెంచాకొకసారి, ఒకే పని ఇచ్చి కొలిస్తే తేడా తెలుస్తుంది.

పిల్లల్ని వద్దనేకన్నా, మీటరు ముందు కూర్చోబెట్టి లెక్క కట్టిద్దాం.